రెండు పెళ్లిరోజులు

మా చెల్లెలికి రెండుసార్లు పెళ్లయింది, ఒకే మనిషితో. ఆగస్టులో వీసా పేపర్ల కోసం రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకసారి. డిసెంబరులో ముహూర్తం చూసి, తెల్లవారుజామున చలికి వణుకుతూ ఇంకోసారి. ఆగస్టుది మేమెవరమూ పెళ్లిగా లెక్కపెట్టలేదు. సంతకాలు పెట్టేసి, హోటల్లో ఇడ్లీ తిని, ఎవరింటికి వాళ్లం వెళ్లిపోయాం.

చెల్లెలి భర్త, మా మరిది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద అమెరికా వచ్చి, సిటిజన్‌షిప్ రాగానే అది వదిలేసి పోలీసయ్యాడు. టెక్సస్‌లో మేముండే ఫ్రిస్కోలో మావాళ్లంతా నవ్వారు, నాతో సహా. "వదినా, మీకు ఫస్ట్ స్పీడింగ్ టికెట్ నేనే ఇస్తా" అని ఏడిపించేవాడు. రెండేళ్ల కిందట హైవే పక్కన ఆగిపోయిన కారువాళ్లకి సాయం చేస్తుంటే వెనకనుంచి ట్రక్కు గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

డ్యూటీలో చనిపోయిన పోలీసు కుటుంబాన్ని ఇక్కడి ప్రభుత్వం ఆదుకుంటుంది. భార్యకి సాయం, పిల్లలకి చదువు. అడగాలంతే, కాకపోతే బోలెడు కాగితాలతో అడగాలి. చెల్లెలి కూతురు అప్పుడు హైస్కూలు చివరి ఏడాదిలో ఉంది. నర్సింగ్‌లో సీటొచ్చింది గానీ, "పెద్దమ్మా, కాలేజ్ వద్దులే, నేను జాబ్ చేస్తా" అంటోంది. అందుకే ఆ సాయం రావడం మాకు అంత అవసరం.

ఫారాలు నింపడంలో నాకు పేరుంది. మా వీధిలో సగం మంది గ్రీన్‌కార్డు కాగితాలు నా చేతిమీదుగా వెళ్లినవే. "నువ్వు సంతకం పెట్టు, మిగతాది నాకొదిలెయ్" అన్నాను. పెళ్లి తేదీ దగ్గర కళ్లు మూసుకుని డిసెంబరు రాశాను. ఏటా కేక్ కోసేది ఆ రోజే కదా. ఆగస్టు తేదీ ఉన్న సర్టిఫికెట్‌ని దానికి జత చేసిందీ నేనే.

కొన్ని వారాలకి ఉత్తరం వచ్చింది. తేదీలు కలవడం లేదు, వివరణ పంపేదాకా ఫైలు ముందుకు కదలదు అని. ముందు వాళ్లని తిట్టాను. మనిషే పోతే తేదీ పట్టుకుని వేలాడతారేమిటని. కోపం దిగాక సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పిల్ల చదువుకి అడ్డం పడింది నేనే.

డిపార్ట్‌మెంటు మా కుటుంబానికి తోడుగా ఒక సార్జెంటుని పెట్టింది. మరిదితో కలిసి పనిచేసినాయనే. కబురు చేస్తే వచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు. శుభలేఖా ఆల్బమూ ఆయన ముందు పరిచి, వీసాలూ ముహూర్తాలూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను.

"ఇలా చాలామంది చేసుకుంటారా?" అన్నాడు.

"మా వీధిలోనే నాలుగు జంటలున్నాయి" అన్నాను.

ఆయన నవ్వాపుకుని, ఇదంతా ఉత్తరంలో రాసి నోటరీ చేయిద్దామన్నాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, "మీ పెళ్లి ఏ రోజు జరిగిందని రాయమంటారు?" అని మెల్లగా అడిగాడు.

అది నెలల తరబడి నోరు విప్పి మాట్లాడింది లేదు. డిసెంబరే అంటుందనుకున్నాను. అది ఆల్బం మూసేసింది.

"ఆగస్టు" అని ఆయనకి చెప్పి, నా వైపు తిరిగింది. "ఆ రోజు మీరందరూ టైమ్ చూసుకుంటున్నారక్కా. ఆయన బల్ల కింద నా చెయ్యి పట్టుకున్నాడు. బయటికొచ్చేదాకా వదల్లేదు."

ఇన్నేళ్లలో ఆ మాట మాకెవరికీ తెలియదు.

వివరణ పంపాం. వసంతంలో ఒక శనివారం పొద్దున జవాబొచ్చింది. పిల్ల కవరు చించి చదివి, "అమ్మా, అప్రూవ్ చేశారు" అంటూనే గట్టిగా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఇప్పుడది నర్సింగ్ మొదటి ఏడాది చదువుతోంది.

ఆ రోజు చెల్లెలు మాత్రం ఏడవలేదు. ఉత్తరం తీసుకుని, పెళ్లి తేదీ మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"అక్కా, వీళ్ల లెక్కలో ఆయనతో నేను ఇంకో నాలుగు నెలలు ఎక్కువున్నాను" అంది.