టాస్ గెలిచి ఫీల్డింగ్ అడిగినవాడు

నిన్న మా అన్న మనవడి జట్టు కప్పు గెలిచింది. గెలిచిందనడం కంటే, గెలిచినట్లు మైకులో చెప్పారనడం సరైన మాట. ఫైనల్లో ఎదురాడాల్సిన తర్లుపాడు పిల్లల ఆటో దారిలో పంక్చరై ఆగిపోయిందని ఫోను వచ్చినా, టైము టైమేనని మావాళ్లకు వాకోవర్ ఇచ్చేశారు. వాళ్లు చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి మార్కాపురం గ్రౌండులో డప్పులు మోగుతున్నాయి. మా అన్న కుర్చీలోంచి లేవలేదు, ఎవరో తెచ్చిచ్చిన లడ్డూను కాగితంలో అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఏ ఆదివారాన్ని తలుచుకుంటున్నాడో అంత జనంలో నాకొక్కదానికే తెలుసు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో నేల మీద మ్యాటు పరిచి మేకులు కొట్టేవారు, బౌండరీకి పలకల ఫ్యాక్టరీలో విరిగిపోయిన ముక్కలను నిలువుగా పాతేవారు, స్కోరు కూడా పలక మీదే సుద్దముక్కతో రాసేవారు. అన్న ఆ ఫ్యాక్టరీలోనే పని చేసేవాడు, మా పెదనాయన కొడుకు నడిపే జట్టులో ఫాస్ట్ బౌలర్. అంతకు ముందు రెండేళ్లూ ఫైనల్ దాకా వెళ్లి గిద్దలూరు చేతిలోనే ఓడి వచ్చారు. మూడో ఏడూ ఫైనల్ గిద్దలూరుతోనే పడింది, ఈసారీ ఓడితే ఇక బంతి ముట్టనని అన్న ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు నిలబడాలని అమ్మ లోలోపల కోరుకునేదేమోనని నా అనుమానం.

శనివారం జరగాల్సిన ఆ ఫైనల్, ముందు రాత్రి గాలివానకు మ్యాటు తడిసి ముద్దవడంతో, ఆదివారం పొద్దుటికి మారింది. మా నాయన సంఘ పెద్ద. ఆదివారం ఆరాధన మానడమనే మాట మా ఇంట్లో లేదు, పైగా చర్చిలో డోలక్ వాయించేది అన్నే. అన్న అడిగీ అడగనట్లు అడిగాడు. నాయన తల ఎత్తకుండానే, "ఆట యాడికీ పోదు నాయనా. దేవుని కాడ కూసోని, అయినాక పో" అన్నాడు. ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు మాకు లేదు.

ఆ రోజు పాటలు పరుగెత్తాయి. నెమ్మదిగా సాగాల్సిన పాటలను కూడా అన్న డోలక్ తరుముతుంటే, ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న మాకు ఊపిరి సలపలేదు. పాస్టరయ్యగారి ప్రసంగం మాత్రం దాని నడక అది నడిచింది. చివరి ఆమెన్ అన్నామో లేదో అన్న సైకిలెక్కాడు. నన్ను ఆశ్చర్యపరిచింది నాయన. బైబిలు చంకన పెట్టుకుని ఆయనా గ్రౌండు దారి పట్టాడు. సంఘ పెద్దే అటు నడిస్తే మిగతావాళ్లు ఇళ్లకెందుకు పోతారు, తెల్లచీరలతో, తెల్లచొక్కాలతో సంఘమంతా వెనకే నడిచాం.

మేం వెళ్లేసరికి మావాళ్ల బ్యాటింగ్ అప్పుడే ముగిసింది. ఎండ మాడుతుండగా అన్న బంతి అందుకున్నాడు. గిద్దలూరు వాళ్లు ఒక్కొక్కరే వెనుదిరుగుతున్నా, వాళ్ల కెప్టెన్, పొడుగాటి మనిషి, పాతుకుపోయాడు. చివరి ఓవరుకు వచ్చేసరికి వాళ్లకు నాలుగు పరుగులు కావాలి, ఉన్నది ఒకే వికెట్టు. అన్న వేసిన బంతి మ్యాటు మీద పడి లోపలికి దూసుకొచ్చి ఆ కెప్టెన్ మధ్య వికెట్టును లేపేసింది. నాయన బైబిలు నాకిచ్చి రెండు చేతులా చప్పట్లు కొట్టాడు. ఆ కెప్టెన్ కాసేపు వికెట్ల వంక చూసి, నేరుగా అన్న దగ్గరికి వచ్చి భుజం తట్టి, "బాగా ఏసినావబ్బా" అన్నాడు.

ఆ సంబరంలోనే పెదనాయన కొడుకు వచ్చి నాయనకు అసలు సంగతి చెప్పాడు. పొద్దున టాస్ గెలిచింది గిద్దలూరేనట. ఆ గ్రౌండులో టాస్ గెలిచినవాడెవడూ ఫీల్డింగ్ అడగడు. మధ్యాహ్నానికి మ్యాటు కింద నేల ఎండి పగిలి, బ్యాటు పట్టినవాడికి చుక్కలు కనిపిస్తాయి. అయినా ఆ కెప్టెన్ మావాళ్ల వైపు చూసి, "మీ ఫాస్ట్ బౌలర్ ఏడబ్బా?" అని అడిగాడట. చర్చిలో ఉన్నాడు, ఆరాధన అయితే గాని రాడన్నారట. "అయితే మీరే ముందు ఆడండి. ఆయప్ప లేకుండా గెలిస్తే మా ఊర్లో ఏమని చెప్పుకోవాల?" అన్నాడట. సొంత జట్టే గోల పెట్టినా వినలేదట.

ఆడి గెలవాలని అంత పట్టుదల ఉన్న మనిషి, చేతికందిన గెలుపును పక్కన పెట్టి ఎదుటివాడు వచ్చేదాకా ఆగాడు, ఆగి ఓడిపోయాడు. అంతటి మనిషిని నేను మళ్లీ చూడలేదు. నాయన ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాడు. అమ్మ వండిన కోడికూరలో ముక్కలన్నీ ఆయన పళ్లెంలోకే పోయాయి, కప్పు గెలిచిన అన్నకు పులుసు మిగిలింది. ఆ హడావిడిలో ఆయన పేరు అడగడం మాత్రం అందరం మరిచిపోయాం.

తర్వాతి ఆదివారం నాయన ప్రార్థనలో "గిద్దలూరు బిడ్డను చల్లగా చూడు తండ్రీ" అనే మాట చేరింది, ఆయన ఉన్నన్నాళ్లూ తప్పలేదు. నాయన పోయాక అన్న అందుకున్నాడు. కొత్తగా వచ్చిన పాస్టర్లు మాకు గిద్దలూరులో దగ్గరి బంధువులున్నారనుకుంటారు.

ఇప్పటి పిల్లలకు బూట్లున్నాయి, హెల్మెట్లున్నాయి, స్కోరు ఎక్కడివాళ్లయినా ఫోనులో చూసుకోవచ్చు. ఆట కూడా మావాళ్లకంటే బాగానే ఆడతారు, కాదనను. కానీ నిన్న అంతమంది పెద్దలున్నారు, కాసేపు ఆగుదామని ఒక్కరూ అనలేదు. ఈ ఉదయం చర్చిలో అన్న ఎప్పటిలాగే గిద్దలూరు బిడ్డ కోసం ప్రార్థించి, ఆమెన్ దగ్గర ఆగిపోయాడు. "మా మనవడి ఆటలోకి అట్లాంటోణ్ణి ఒకణ్ణి పంపు తండ్రీ" అన్నాడు. అందరికంటే ముందు ఆమెన్ అన్నది నేనే.