మునేశ్వరుడిచ్చిన క్రాంక్‌షాఫ్ట్

మా ఆయనకు అంగట్లో కూర్చోవడమంటే జైల్లో కూర్చోవడమే. చింతామణిలో వాళ్ళది తాతలనాటి చింతపండు, శనక్కాయల వ్యాపారం. ముగ్గురన్నదమ్ముల్లో ఈయన చిన్నవాడు. డెబ్బైల చివర్లో, బెంగళూరు విడిచి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ఎనిమిది సిలిండర్ల అమెరికా కారు కొనుక్కొచ్చాడు. పొడుగు ముక్కు, రెండే తలుపులు. పెళ్ళిళ్ళకు బాడుగకు తిప్పుతానన్నాడు. పెళ్ళికూతురు వెనక సీట్లోకి పోవాలంటే ముందు సీటు మడిచి, పట్టుచీర పైకెత్తుకుని దూరాలి. అయినా జనం ఎగబడ్డారు. అది స్టార్టయితే వీధిలో కిటికీలన్నీ అదిరేవి. నాకు తలనొప్పి, ఆయనకు ప్రాణం లేచొచ్చేది.

రెండేళ్ళు బాగానే తిరిగింది. ఒక కార్తీకంలో బాగేపల్లిలో పెళ్ళి ముగించుకుని వస్తూంటే ఇంజన్లో ఖణేలుమని ఒక చప్పుడు, అంతే. లారీకి కట్టి చిక్కబళ్ళాపురం ఈడ్చుకెళ్ళారు. అక్కడి మేస్త్రీ ఇంజను విప్పి, మసి చేతులతో తల పట్టుకున్నాడు.

"క్రాంకు రెండు తుంటలయిందప్పా. ఇంజనుకు ఎన్నెముక ఇది. ఇట్లాది మన పక్క యాడా దొరకదు."

దొరకదంటే మా ఆయన వింటాడా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కారునూ విరిగిన క్రాంకునూ ఇంటికి ఈడ్పించుకొచ్చి పెట్టుకున్నాడు. వారం వారం తొలి బస్సుకు బెంగళూరు పోయి పాత ఇనుప అంగళ్ళన్నీ గాలించాడు. లారీది, జీపుది, దేనిదో తెలియనిది, ఎన్ని మోసుకొచ్చాడో! నడవలో విరిగిన దాని పక్కన పడుకోబెట్టి, నా రవికెలు కొలిచే టేపుతో కొలిచేవాడు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. గడ్డం గీసుకోవడం మానేశాడు. అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేవాడు.

ఇది చాలదన్నట్టు మా పెద్ద బావగారు ఇంటికొచ్చి కూర్చున్నారు.

"రేయ్, ఉగాదికి అంగడి పొత్తు కాగితం కొత్తగా రాస్తాండాము. ఆ లోపల వచ్చి సంతకం పెడితే నీ భాగం నీకుండాది. రాకుంటే మేమిద్దరమే. ఆ పైన వస్తే జీతానికే రావాల."

ఆయన మాట కఠినమే గాని అన్యాయం కాదు. మా ఆయన తల వంచుకుని, "కారు నడిస్తే నాకు భాగమెందుకన్నా?" అన్నాడు.

మాఘంలో ఒక లారీ డ్రైవరు కబురు చెప్పాడు. మిట్టేమరి దారిలో ఏండ్ల కిందట ఇట్లాంటి కారే చెట్టుకు గుద్దుకుందట. బతికి బయటపడ్డ ఓనరు ఆ ఇంజను క్రాంకును దారి పక్క మునేశ్వరుడికి మొక్కుగా ఇచ్చాడట. ఆ మాట వినగానే ఇద్దరం బయలుదేరాం. నిజమే! సగం మట్టిలో పాతిపెట్టి ఉంది. పైసగం వారం వారం పోసిన నూనెకు నల్లగా నిగనిగలాడుతోంది. మా ఆయన దాన్ని ముట్టుకుని ఏడ్చేశాడు.

దేవుడి వస్తువు ఊరికే తీసుకోకూడదు, పూవు అడగాలి. పూజారి తడిపిన గన్నేరు పూలు రాతి విగ్రహం రెండు భుజాల మీదా అంటించాడు. కుడిది రాలితే సరేనని, ఎడమది రాలితే వద్దని. "నువ్వడుగమ్మా. ఒక్క మాటే అడగాల. మళ్ళా అమాస దాకా ఇంకోటి అడగగూడదు" అన్నాడు.

"స్వామీ, ఈ క్రాంకు మాకిస్తావా?" అన్నాను.

కుడి పూవు రాలింది. మా ఆయన అక్కడే సాష్టాంగపడ్డాడు. గడ్డపారతో తవ్వి పైకి లాగితే ఏముంది, మట్టిలో ఉన్న సగమంతా తుప్పు తిని గుంతలు పడి ఉంది. నాకు ఒళ్ళు మండింది. "ఏమప్పా ఇది?" అని పూజారి మీద లేచాను.

ఆయన నిదానంగా, "నువ్వడిగింది ఇనుమమ్మా, ఇనుమిచ్చినాడు. కారు నడస్తాదా అని అడిగితివా?" అన్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ ఇద్దరూ ఇచ్చారు, అడగడం నాకే చేతకాలేదు.

చిక్కబళ్ళాపురం మేస్త్రీ దాన్ని కిరసనాయిలుతో కడిగి, కొలిచి పక్కన పెట్టాడు. "ఈ గుంతలు పోయేదాకా సాన పడితే చిటికెనవేలంత అయితాదప్పా."

"దేవుడిచ్చినాడప్పా ఇది!" అన్నాడు మా ఆయన.

"ఇచ్చినాడు, కాదనను. ఇనుము ఒప్పుకోవాల గదా."

అమావాస్యకు, బాగేపల్లిలో మా చిన్నమ్మను చూసొస్తానని చెప్పి ఒక్కదాన్నే మిట్టేమరి దారి పట్టాను. ఈసారి మాట సరిగ్గానే అడిగాను. "స్వామీ, మా ఆయన కారు మళ్ళీ నడుస్తాదా?" నోట్లో మాట నోట్లో ఉండగానే ఎడమ పూవు రాలిపోయింది. అంత తొందరేమయ్యా నీకు అని అక్కడే తిట్టాను.

ఇంటికొస్తే నా నుదుట గుళ్ళో పెట్టిన పసుపు బండారు చూసి ఆయన లేచి నిలబడ్డాడు. "మునేశ్వరుని దగ్గరికి పొయ్యింటివా? యాపక్క ఇచ్చినాడే?"

ఆ మొహం చూసి ఎడమ అని ఎట్లా చెప్పేది? ఈ పూటకైనా నాలుగు ముద్దలు తింటాడనుకున్నాను.

"కుడిపక్కే" అన్నాను.

తిన్నాడు. కడుపునిండా తిన్నాడు. తెల్లారి మళ్ళీ బెంగళూరు బస్సెక్కాడు.

ఉగాదికి ఇరవై రోజులుంది. బావగారు రెండుసార్లు మనిషిని పంపారు. "పొయ్యి సంతకం పెట్టి రండి, మీకు దండం పెడతా" అన్నాను. "దేవుడు నడస్తాదన్నాక భాగం కోసం పోతే నమ్మకం లేనట్టు గదా?" అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదామని ఉగాది దాటించాను. కాగితం మీద ఇద్దరే సంతకాలు పెట్టారు. నాలాంటి పాపిష్టిది ఇంకొకత్తె ఉంటుందా!

ఎంత తిరిగినా క్రాంకు దొరక్క, ఆషాఢంలో కారును పాత ఇనుము వాళ్ళకు ఇచ్చేశాడు. మా వాకిట్లోనే గ్యాసుతో కోసి ముక్కలు చేసి ఎత్తుకుపోయారు. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, తాతలనాటి ఆ అంగడికే జీతానికి పోయాడు.

ఇరవై ఏండ్లు ఆ తక్కెడ దగ్గరే నిలబడ్డాడు. అన్నను ఒక్క మాట అనలేదు, దేవుణ్ణి అనలేదు. ఆఖరికి మంచాన పడ్డప్పుడు నా చెయ్యి పట్టుకుని, "మునేశ్వరుడు కుడిపక్కే ఇచ్చినాడు గదే. నేనే ఇంకో నాలుగు నెల్లు ఓర్చుకోలేక అమ్మేస్తిని" అన్నాడు.

నేను ఊ కొట్టాను.