నల్లాలో తోలు బిళ్ల

నిజామాబాద్‌లో మా ఇంటి పెరట్లోకి నల్లా వచ్చి ఏడాది దాటిందో లేదో, ఎంత తిప్పి కట్టేసినా కారడం మొదలుపెట్టింది. కింద బండల మీద పాచి పట్టింది. నాకప్పుడు నెలలు నిండుతున్నాయి. అంతకు ముందు కడుపుతో ఉన్నప్పుడు బావి గట్టు మీద జారిపడి బిడ్డను పోగొట్టుకున్నాను. ఆ తర్వాతే మా ఆయన పట్టుబట్టి నల్లా వేయించాడు. అందుకే ఆ పాచిని చూస్తే నాకు గుండె దడ.

మా ఆయన బోధన్‌లో చక్కెర కార్ఖానా కడుతున్న చోట పనిచేసేవాడు. సెలవుకు వస్తూ పానా ఒకటి అడిగి తెచ్చాడు. నీళ్లు రాని వేళ చూసి నల్లా విప్పాడు. లోపల నీళ్లు కారకుండా ఆపే చిన్న బిళ్ల అరిగి నల్లబడి ఉంది. దాన్ని తన పాత చెప్పు మీద పెట్టి, చుట్టూ గీత గీసి, అదే కొలతకు కోయసాగాడు. అప్పుడే మా అత్త మడి బిందె పట్టుకుని వచ్చింది.

అత్తకు మడి అంటే మడే. రోజూ తెల్లవారగానే ఆ ఇత్తడి నల్లాను చింతపండుతో తళతళా తోమి, కడిగి, ఆ తర్వాతే దేవుడికి నీళ్లు పట్టేది.

"చెప్పు ఎందుకు కోస్తున్నవ్‌రా?" అని అడిగింది.

"నల్లల ఏస్త అవ్వా."

"తోలా?"

మా ఆయనకు అబద్ధమాడటం చేతకాదు. నోరు మూసుకోవడం అసలే రాదు. "పాతది గూడ తోలేనే. అన్ని నల్లలల్ల గదే ఉంటది," అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

అత్త బిందె కింద పెట్టేసింది. ఏడాదిగా తాగిన నీళ్లన్నీ గుర్తొచ్చాయో ఏమో, మొహం వాడిపోయింది. ఇక మళ్లీ బావే అనుకున్నాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు, తోడాల్సింది నేనే. ఎదురు చెప్పే ధైర్యం లేక చేదతాడు అందుకున్నాను.

"యాడికి?" అంది అత్త.

"బాయికి అత్తా, మడి నీళ్లకు."

ఆమె నా కడుపు వంక చూసింది. నా చేతిలోంచి తాడు లాక్కుంది. కొడుకు వైపు తిరిగి, "మంచిగ బిగియ్యిరా. చుక్క గూడ కారొద్దు," అంది.

సాయంత్రం నీళ్లు వచ్చాయి. నల్లా కారలేదు. అత్త ఒక చెంబు పట్టి, ముందు తాను తాగి, తర్వాత నాకిచ్చింది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమెకు భయపడుతూనే బతికాను. ఆ నీళ్లు తాగుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.