కొండ మీద బండి, నా నడుములో చీటీ

ఆ రోజుల్లో మా ఇంట్లో కోపం నా ఒక్కదానికే ఉండేది. మిగతా వాళ్ళకి తీరిక లేదో, నా వాటా చూసి జడుసుకున్నారో తెలియదు. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా కోపంగానే. మధ్యలో ఎక్కడైనా నవ్వొస్తే అది నా తప్పు కాదు.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. నాకు ముప్పై నిండకముందు సంగతి. మిరప రెండో కోతకీ మూడో కోతకీ మధ్య ఊటీ చూడాలని పట్టుబట్టాను. అప్పటికి నేను చూసిన ఎత్తల్లా కల్లంలో పోసిన మిరపకాయల గుట్టే. మా అత్త అయిదు రోజులు సెలవిచ్చింది. "శనివారం దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండాలి. లేదా, మళ్ళీ గడప దాటేది నేను పోయాకే" అంది. (అన్నమాట మీద నిలబడే మనిషి.) డుబుడుబుమనే పాత బండి ఒకటి మా ఆయనకి ఉండేది. మిరపకాలంలో ఘాటుకి మేం ముక్కులకి గుడ్డలు కట్టుకుంటాం కదా, బండి మాత్రం ఏం పాపం చేసిందని, అది గాలి పీల్చే ఫిల్టరుకి నా పాత చీర ముక్క నాలుగు మడతలేసి నేనే కట్టాను.

బయల్దేరే ముందురోజు బండిని జెట్టు బాబాయికి చూపించాం. ఏ బండికి ఏ జబ్బు చేసినా "జెట్టు చూడాలి" అంటాడని మెకానిక్కుకి ఆ పేరు. ఇంజనులోకి పెట్రోలు వచ్చే సన్నటి కంతే జెట్టు. నా గుడ్డ చూసి, "మంచిపని చేశావమ్మాయ్" అన్నాడు. తర్వాత, "కొండెక్కేకొద్దీ గాలి పలచనవుద్ది. పెట్రోలు మాత్రం ఇక్కడ వచ్చినంతే వస్తుంది. తిండెక్కువై ఊపిరాడని మనిషిలాగా ఆయాసపడుద్ది బండి, నల్లపొగ కక్కుద్ది" అని చెప్పి, ఇంకా సన్న కంత ఉన్న జెట్టొకటి ఇచ్చాడు. ఏం చెయ్యాలో చీటీ మీద రాసి మడిచి మా ఆయన చేతిలో పెట్టాడు. మా ఆయన జేబు నిండా సిగరెట్లు. అందుకని చీటీ నా నడుముకి చేరింది. నాకు అప్పుడు అక్షరం ముక్క రాదు.

మెట్టుపాళయం దాటి ఘాటు రోడ్డెక్కాక బండి దగ్గడం మొదలుపెట్టింది. కూనూరు చేరేసరికి వెనకంతా నల్లపొగే. ఒక మేక మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి చూసి మరీ పోయింది.

"చీటీ చూడవయ్యా" అన్నాను.

"పదిహేనేళ్ళ నుంచీ తోల్తున్నా. చీటీ చూసి తోలాలా?"

ఇంకో మలుపులో బండి ఆగిపోయింది. మా ఆయన ప్లగ్గు ఊడదీస్తే బొగ్గులా ఉంది. "శనివారానికి చేరాలిగా, ఇట్నుంచిటే దిగిపోదాం. ఊటీ కూడా ఇట్టాగే ఉంటదిలే" అన్నాడు.

"ఇట్టాగే ఉంటే ఇంతమంది ఎందుకు పోతున్నారయ్యా? మెకానిక్కు మాట వినవు, పెళ్ళాం మాట వినవు, ఆఖరికి బండి మాటన్నా వినవు. నువ్వు దిగిపో. నేను నడిచెక్కుతా" అని కొండంతా వినేటట్టు అరిచాను. తేయాకు కోస్తున్న ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. భాష తెలియకపోయినా వాళ్ళు నా పక్షమేనని మొహాలు చూస్తేనే తెలిసింది.

చీటీ తీసి ఆయన చేతిలో కొట్టాను. చదివాడు. నా వంక చూశాడు. మళ్ళీ చదివాడు. "ఆ టీ కొట్లో నీళ్ళు పట్టుకురావే" అన్నాడు, ఎన్నడూ లేనంత మెత్తగా. నేను నీళ్ళు తెచ్చేసరికి సన్న జెట్టు వేసేశాడు, బండి శుభ్రంగా మోగుతోంది. మధ్యాహ్నానికి ఊటీలో ఉన్నాం. మబ్బులు నా కాళ్ళ కింద కనిపించాయి. చలికి పళ్ళు టకటకలాడుతున్నా, "నేను అరిచాను కాబట్టి ఎక్కింది" అన్నాను. దిగాక పాత జెట్టు మళ్ళీ వేసుకుని, శనివారం దీపాల వేళకి ముందే ఇల్లు చేరాం. ఫిల్టరు మీద గుడ్డ లేదు. ఊటీ వాళ్ళు దొంగలని తిట్టి కొత్తది కట్టాను. (అదీ సర్వీసు నుంచి వచ్చేసరికి మాయమైంది. ఆ తర్వాత కట్టినవీ అంతే.)

నా నోటి వల్లే బండి కొండెక్కిందని పెళ్ళిళ్ళలో, కోతల దగ్గర పదేళ్ళ పైన చెప్పుకున్నాను. మా ఆయన ఒక్కసారీ కాదనలేదు.

నలభై దాటాక, పెద్దవాళ్ళకి పెట్టిన మధ్యాహ్నం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. పురుగుమందు డబ్బాలు, బస్సు బోర్డులు, కంటపడిందల్లా చదివే రోజులవి. బండి పనిముట్ల సంచి దులుపుతుంటే ఆ చీటీ రాలింది. కూడబలుక్కుని చదివాను. "ముందు ఫిల్టరు మీద అమ్మాయి కట్టిన గుడ్డ తీసెయ్. కింద ఎట్టాగో నడుస్తుంది గానీ, కొండ మీద అది ఉంటే ఏ జెట్టూ పని చెయ్యదు. అమ్మాయికి చెప్పమాక, చిన్నబుచ్చుకుంటుంది."

నేరుగా మా ఆయన దగ్గరికి పోయాను. "ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆ లోయలోకి తోసేదానివి."

తోసేదాన్నే. ఆ సంగతి వేరు. ఇద్దరు మగవాళ్ళు కూడబలుక్కుని నన్ను అన్నేళ్ళు గెలిపించారు. జెట్టు బాబాయిని అడుగుదామంటే ఆయన అప్పటికే పోయాడు. నా కోపం సగం దిక్కులేనిదైపోయింది.

మొన్న కోతలు మొదలవగానే చెయ్యి దానంతటదే పాత చీర చింపింది. బండి దాకా వెళ్ళి ఆగాను. నాలుగు మడతలేసి నా మూతికే కట్టుకున్నాను. ఘాటు తగలదు. లోపల నవ్వుతున్నది మా ఆయనకి కనపడదు.