పేషెంటు పక్కన ఇంగ్లీషు

నేను చెప్పేది రాస్తున్నవా బిడ్డా? రాయి. అప్పటికింక తెలంగాణ రాలే. నాచారంల ఒక కాలేజీల ఇంగ్లీషు చెప్పేదాన్ని. పొద్దున నర్సింగు పిల్లలు, పగటిపూట ఫార్మసీ వాళ్లు, ఆ తర్వాత ఇంజనీరింగు వాళ్లు. అందరికీ నాది ఒక్కటే పాఠం. ఇంటర్వ్యూల నిలవడి నీ గురించి నువ్వు చెప్పుకునుడు. గంతకు మించి నాకేం తెల్సు?

నర్సింగుల ఒక పిల్ల ఉండె. చిల్కానగర్ నుంచి షేర్ ఆటోల వస్తుండె. పేషెంటు పక్కన నిలవడి, ఆమెకెట్లున్నదో ఇంగ్లీషుల చెప్పే పరీక్ష ఒకపారి తప్పింది. వాళ్ల నాయిన ఫ్యాక్టరీల పని జేస్తడు. "ఈసారి తప్పితే చదువు బంద్, నాతోని ప్యాకింగ్ పనికి రా" అన్నడంట.

పరీక్షకు వారం ముందు క్లాసుల ఇంకో పిల్లను బెంచీ మీద పండవెట్టిన. "ఇగో, ఈమెనే పేషెంటు. చెప్పు" అన్న. ఈ పిల్ల చేతులు కట్టుకొని షురూ జేసింది, "గుడ్ మార్నింగ్. మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్. మై హాబీ..."

బెంచీ మీద పండుకున్న పిల్ల లేసి కూసున్నది. "నేను జెరమొచ్చి సస్తుంటే నీ హాబీ నాకెందుకే?"

నవ్వకు, రాయి నువ్వు. క్లాసంత నవ్విన్రు, నేను గూడ నవ్విన. పిల్ల ఏడ్సింది. తప్పు నాదని అప్పుడు తెల్సింది. గట్ల నేర్పింది నేనే గద!

తెల్లారి నర్సింగు పిల్లలతోని వాళ్లు డ్యూటీ జేసే దవాఖానకు పోయిన. డ్యూటీ మారేటప్పుడు ఈ పిల్ల కొత్తగొచ్చిన సిస్టరుకు ఒక అవ్వ సంగతి తెలుగుల గడగడ చెప్తున్నది. ఎన్నిసార్లు వామిటింగైంది, బీపీ ఎంతున్నది, సెలైన్ ఎప్పుడు వెట్టిన్రు, పొద్దున ఏం తిన్నది. నేను వెనక నిలవడి అంత రాసుకున్న.

బయట మెట్ల మీద కూసోవెట్టి కాయితం సూపిచ్చిన. "సగం ఇంగ్లీషే ఉన్నది సూడు. మిగిలిన సగం ఇద్దరం కలిసి చేద్దాం."

ఐదు రోజులు ఆ మెట్ల మీదనే. నాకు తెల్వని దవాఖాన మాటలు ఆమె చెప్పేది, వాటిని కలిపి వాక్యం చెప్పుడు నేను నేర్పేది.

పరీక్ష నాడు వార్డు బయట నిలవడ్డ. లోపలి మాట ఒక్కటి వినవడ్తలేదు. జరసేపటికి తలుపు తీసుకొని ఉరికొచ్చింది.

"ఏమైందే?"

"పాసైన మేడం! జర ఆగుండ్రి, పేషెంటమ్మకు దూపైతున్నదట, నీళ్లిచ్చొస్త."

"నిమ్మళంగ తాగనియ్యి బిడ్డా," అన్న. "నాకేం తొందరున్నది?"