లేవని చెయ్యి

పాలెం పెద్దతో కలిపి ముప్పై ఇద్దరు జాలర్లు, ఒక నల్లబల్ల, రెండు కొత్త నైలాను వలలు, నేను. డిప్లొమా ముగించి మత్స్యశాఖ ఉద్యోగంలో చేరాక, ముత్తుకూరు దగ్గర నా మొదటి సమావేశమది. పిల్లచేపలు తప్పించుకుపోయే పెద్దకన్నుల వలలవి. అందరూ కలిసి వాడతామని ఒప్పుకోకపోతే సాయంత్రానికి వెనక్కి పోతాయి.

“ఇష్టమైనవాళ్లు చేతులెత్తండి” అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. మళ్లీ అడిగాను. అందరూ పెద్దాయన వైపే చూస్తున్నారు.

గుడిసె వాకిట్లోంచి ఒక అవ్వ నవ్వింది. “ఆయన ఎత్తకుండా వీళ్లెట్ట ఎత్తుతారు సామీ? కుడిభుజం విరిగి పదేళ్లాయె. ఎడంచెయ్యి ఎత్తమంటావా?”

సిగ్గుతో, “మీ మాటేంటి పెద్దాయనా?” అన్నాను.

“అట్టా నోటితో అడగాల. వాడి చూస్తాం నాయనా” అన్నాడాయన.

ఇప్పుడు ఏ ఊరెళ్లినా, అక్కడ ఎలా అడగాలో ముందు కనుక్కుంటాను. ఆ రోజు చివరికి లేచిన చేతులు ముప్పై ఒకటి.