మా అత్త అడిగిన రీలు

నిన్న వేసుకున్న చొక్కా ఇంకా కుర్చీ మీదే వేలాడుతోంది, దానికి పట్టిన వెన్న పాప్‌కార్న్ వాసన ఎంత దులిపినా పోవడం లేదు. సినిమా హాలు వాసన అంటే ఇప్పుడు ఇదే కాబోలు. నా చిన్నప్పటి గోపాలపట్నం టాకీసులో బీడీ పొగ, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, నీళ్ళు చల్లిన ఇసుక, సంత నుంచి తిన్నగా వచ్చేసినవాళ్ళెవరిదో ఎండుచేపల సంచీ, అన్నీ కలిసి ఒకే వాసనయ్యేవి; ఆ ఘాటుకి తెర మీద గుర్రాలు కూడా తుమ్మేవంటే మా అమ్మాయి నమ్మదు.

మా అమ్మాయి లావణ్య సినిమాల మీద ఓ వెబ్ పేజీ నడుపుతోంది. "యాభై దాటినవాళ్ళకి ఈ సినిమా ఎలా ఉంటుందో నువ్వు రాయి నాన్నా" అని నిన్న మల్టీప్లెక్సుకి లాక్కెళ్ళింది. అంతరిక్షానికి హాస్యం కలిపిన సినిమా. కంప్యూటర్ ఆటలు తప్ప లోకం ఎరగని ముగ్గురు కుర్రాళ్ళ మేడ మీద ఓ నౌక దిగుతుంది, అందులోంచి వచ్చిన మరమనిషి వాళ్ళ అలమరాలో బొమ్మలు చూసి, భూలోకపు దేవుళ్ళు వీళ్ళేనని దండం పెడతాడు. ఆలోచన బాగానే ఉంది. కానీ గోడ మీద ఓ పాత బొమ్మల పుస్తకం అట్ట కనబడితే హాలంతా ఈలలు, ఒకడి టీషర్టు మీద ఏదో గుర్తుకి చప్పట్లు, ఉత్తినే ఓ అంకె పలికితే పడీపడీ నవ్వులు. లావణ్య చెవిలో వివరిస్తూనే ఉంది. ఒక జోకు నా బుర్రకెక్కేలోపు మూడు దాటిపోయేవి. విశ్రాంతి దాకా పర్వాలేదు. తర్వాత మాత్రం, ముఖపరిచయం లేనివాళ్ళ పెళ్ళి ఆల్బం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టు అలిసిపోయాను. అలిసినవాడి మనసు వెనక్కి నడవడానికి దారి అడగదు.

రైలుపట్టాల పక్క సందులో మా ఇల్లు. పక్క వాటాలో మా మేనత్త పైడమ్మ, పోర్టులో క్రేను నడిపే మామయ్య. ఎండాకాలం వస్తే ముంజెలు, భీమిలి వైపు నుంచి గంపల్లో దిగే జీడిమామిడి పళ్ళు, పోర్టు గాలి మోసుకొచ్చి ఆరేసిన దుప్పట్ల మీద పరిచే ఇనపఖనిజం ఎర్రదుమ్ము, ఆ దుమ్ములోనే మా గోలీలాట. సందులో అందరికీ సినిమాకి వెళ్ళే వీలుండేది కాదు కనక ఒకడు వెళ్ళి చూసి రావడం, వచ్చి మిగతావాళ్ళకి డిష్యుం డిష్యుంలతో, వెనక వాయించే సంగీతంతో సహా కథ చెప్పడం మా ఆనవాయితీ. ఆదివారం పొద్దుటాట ఇంగ్లీషు సినిమా. గేటు దగ్గర టిక్కెట్లు చింపే నూకరాజు మాకు దూరపు చుట్టం, నన్ను ఊరికే లోపలికి వదిలేవాడు, అందుకని చూసొచ్చి చెప్పే ఉద్యోగం నాకు దక్కింది.

ఇంగ్లీషు నాకూ రాదు, వినేవాళ్ళకీ రాదు. అంతకు మించిన స్వేచ్ఛ ఏ కథకుడికి దొరుకుతుంది? బోర్లించిన గంగాళం మీద నేను కూర్చునేవాణ్ణి. ఎదురుగా అత్త వేళ్ళకి బూడిద అద్దుకుని చేపల పొలుసు గీకుతూ, కథ రంజుగా ఉన్నచోట కత్తి ఆపేసేది. ఆ కత్తి ఆగడమే నాకు చప్పట్లు. ఓసారి రాకెట్టు సినిమా చూసొచ్చి, ఆ రాకెట్టు డాల్ఫిన్ నోస్ కొండ మీద ఓడలకి దారి చూపే దీపాన్ని చందమామ అనుకుని సముద్రంలో పడిందనీ, భీమిలి జాలర్లు వల వేసి లాగారనీ, లోపలున్న పచ్చమనిషి జీడిమామిడి పండు కొరికి గొంతు పట్టుకుని ఆఖరి బస్సెక్కి పారిపోయాడనీ చెప్పాను. ఉగాది ముందురోజు కొత్తమావాస్య పండక్కి మూకుట్లోంచి దిగిన మొదటి బూరె, కాలుతూండగానే, నాకు పెట్టింది అత్త.

మరుసటేడు అదే బొమ్మ మళ్ళీ వచ్చింది.

"ఈపాలి నానే ఎల్లి సూత్తాను. ఆ వల ఇసిరినప్పుడు రాకెట్టు ఎలాగ గింజుకుంటాదో నా కళ్ళతో సూడాల" అంది అత్త.

వల లేదని తేలిన రోజున గంగాళం పోతుంది, బూరె పోతుంది, సందు సందంతా నన్ను కోతలరాయుడంటుంది. అన్నిటికన్నా, ఇక నేనేం చెప్పినా అత్త కత్తి ఆగదు. నన్నే తోడు తీసుకెళ్ళింది. పండగచీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని, తెర మీద నీళ్ళు కనబడినప్పుడల్లా మోచేత్తో పొడుస్తూ "ఇప్పుడేనేటిరా?" అనేది. "ఆగత్తా" అనేవాణ్ణి. ఆగింది. ఆట అయిపోయి దీపాలు వెలిగాయి. జనం లేచారు, ఆవిడ లేవలేదు. తర్వాత లేచి తిన్నగా గేటుకి నడిచింది.

"ఒరే నూకరాజూ, వలేదిరా?"

"ఏ వల, అప్పా?"

"భీమిలోళ్ళు రాకెట్టుకేసిన వల. పోయినేడు మా గుంటడు సూసినాడు. మేట్నీకి తొందరైపోయి కోసీసినార్రా?"

అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. ఆట తొందరగా ముగించడానికి రీళ్ళు ఎగ్గొట్టడం ఆ టాకీసులో మామూలే. దాంతో వెనకున్న జనం కూడా అందుకున్నారు. "అవునొరే, మాకూ సూపించలేదు! ఆ వల రీలెయ్యండి!" బెంచీలు చరిచారు, ఆ మోతకి సింహాచలం కొండ మీద కోతులు దిగొచ్చాయని నేను తర్వాత చెప్పేవాణ్ణి.

నూకరాజు నా వైపు చూశాడు. నేను పైన తిరగని ఫాను వైపు చూశాను. వాడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ రీలు పెట్టెలో రాలేదప్పా. బరంపురంలో ఉండిపోనాది."

ఇంటికొచ్చేసరికి సందంతా అరుగుల మీద కూర్చుని ఉంది, ఈసారి కథ అత్త నోట వినాలని. ఆవిడ చీర మార్చుకుని, చేపల పళ్ళెం ముందేసుకుంది.

"ఆళ్ళు సగం కోసీసిన బొమ్మ నానేటి సెప్తాను? నువ్వే సెప్పరా. నీ కాడ పూర్తిగా ఉంటాది."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ తలెత్తి నన్ను చూడలేదు. ఎందుకు చూడలేదో నేను అడగలేదు. నాకు ఉద్యోగం వచ్చి ఆ సందు వదిలేదాకా చెబుతూనే ఉన్నాను, ఆవిడ మళ్ళీ ఏ టాకీసు గడపా తొక్కలేదు. అత్త పోయి చాలా ఏళ్ళయింది. టాకీసు ఉన్నచోట టైల్సు షోరూము, లోపల నిలువెత్తు అద్దాలు.

ఆలోచిస్తే, నిన్నటి సినిమా చేసిందీ నేను చేసిందీ ఒకటే పని. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి తెలిసిన సరుకే కథలోకి తోసి, వాళ్ళ మొహాలు వెలగడం చూడటం. ఆ దర్శకుణ్ణి తప్పుపట్టలేను. అతని సందులో నేను పుట్టలేదు, అంతే.

తిరుగుదారిలో కారులో నోరు ఊరుకోక, "ఆ మరమనిషి చివర్లో పరవాడ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం ఎక్కి..." అని మొదలుపెట్టాను.

"అలాంటి సీనే లేదు నాన్నా" అని నవ్వింది లావణ్య. "ఉన్నా చెప్పకూడదు, స్పాయిలరు. సమీక్షలో కథ రాయకేం!"

సరే, రాయను. చూసేసినవాళ్ళకి నా మాట అక్కర్లేదు, చూడబోయేవాళ్ళు చెప్పొద్దంటున్నారు, తక్కినవాళ్ళకి రెండు వారాల్లో అదే ఫోనులోకి వచ్చేస్తుంది. సినిమా చూసే వీలు లేక, చూసొచ్చినవాడి కోసం అరుగు మీద కాళ్ళు చాపుకుని ఎదురుచూసేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరూ మిగల్లేదు.